ఒక్కసారే అడుగుతారు

అమెరికా చూడబోయే బ్రిటిష్ వాళ్ల కోసం నేనొక పుస్తకం రాశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నేను అమెరికా చూడలేదు, బ్రిటన్ చూడలేదు, విమానాన్ని ఆకాశంలో తప్ప దగ్గర నుంచి చూడలేదు. అయినా రాశాను. ఏన్కూరులో మా ఇంటి వరండాలో, అమ్మ కుట్టుమిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆ చప్పుడు వింటూ మొత్తం నూట పది పేజీలు రాశాను.

ఆ పుస్తకం మీద నా పేరు లేదు. అక్క పేరు ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా చర్చి మనిషే, నాకంటే పన్నెండేళ్లు పెద్దది. సండే స్కూల్లో నాకు మొదటి ఇంగ్లిష్ పాట నేర్పింది ఆమే. నేను ఎమ్మే ఇంగ్లిష్ చదవడానికి దరఖాస్తు నింపింది ఆమే. పెళ్లయ్యాక ఖమ్మంలో స్థిరపడి, నాలుగు కంప్యూటర్లతో చిన్న ఆఫీసు పెట్టింది. విదేశీ కంపెనీలకు కావలసిన రాతలన్నీ ఆ ఆఫీసులో తయారయ్యేవి. నేను చండ్రుగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పొద్దున బస్సులో అడవి దాటి వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. ఒకరోజు ఫోన్ చేసింది.

"చెల్లె, లండన్ల ట్రావెల్ కంపెనీ ఒకటి ఉన్నది. వాళ్లోళ్లు అమెరికా పోతే ఆడ ఎట్ల మసలుకోవాల్నో చిన్న పుస్తకం కావాల్నట. నువ్వు రాస్తవా?"

"నేనా? నేనేడ చూసిన అక్కా అమెరికా?"

"చూసినోళ్లు రాసేదుంటే వాళ్లే రాసుకుందురు గదా. నీ ఇంగ్లిష్ మంచిగుంటది. పుస్తకం మీద నీ పేరే ఏపిస్త. సరేనా?"

నీ పేరే ఏపిస్త. ఆ ఒక్క మాటకే పడిపోయాను. పైసల సంగతి కాదు, అవి ఆమె సరిగ్గానే ఇచ్చింది, ఆ విషయంలో వంక పెట్టను. ముప్పై ఏళ్లు దాటినా నా పేరు అచ్చులో ఎక్కడా లేదు. రేషన్ కార్డులో ఉంది, అదీ తప్పుగా. మా అమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు గానీ నా పేరు ఇంగ్లిష్‌లో ఎలా ఉంటుందో గుర్తుపడుతుంది, నా సర్టిఫికెట్లు చూసి చూసి. పుస్తకం అట్ట మీద ఆ పేరు చూపిస్తానని అమ్మకు మాటిచ్చాను. "అట్ట మీదనేనా? లోపల్నా?" అని అడిగింది. "అట్ట మీదనే" అన్నాను.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను అనుకున్నంత కష్టం కాదని. పోయి వచ్చినవాళ్లు ఇంటర్నెట్‌లో తమ ఏడుపులన్నీ రాసుకుంటారు. అవి చదివితే చాలు. ఒకాయన అంగడిలో చొక్కా మీద రాసి ఉన్న ధర చూసి, సరిగ్గా అంతే చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోతే, పన్ను కలిపి ఎక్కువ అడిగారట. పాపం లైన్లో అందరి ముందూ జేబులు తడుముకున్నాడు. ఇంకొకామె హోటల్లో వడ్డించిన పిల్లకు టిప్పు ఇవ్వకుండా లేచి వస్తే, ఆ పిల్ల బయటిదాకా వచ్చి "నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా" అని అడిగిందట. ఒకామె మంచినీళ్లు అడిగితే గ్లాసు నిండా ఐసుగడ్డలే. ఇంకొకాయన పబ్లిక్ టాయిలెట్ తలుపు కింద జానెడు సందు ఉంటుందని ఎవరూ ముందు చెప్పలేదని నాలుగు పేరాలు తిట్టాడు. ఆ నాలుగు పేరాలూ నేను అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మిషన్ ఆపి మరీ నవ్వింది.

రాస్తూ రాస్తూ ఒక విచిత్రం కనిపెట్టాను. బ్రిటిష్ వాళ్లు చాలా సంగతుల్లో మనలాగే ఉన్నారు. వాళ్లూ ఎడమ పక్కన బండి నడుపుతారు. కింది అంతస్తును లెక్కలోకి తీసుకోరు, దాని పైదే వాళ్లకు మొదటి అంతస్తు. ఖమ్మం లాడ్జిల్లోనూ అంతే కదా. అమెరికాలో నేల మీద ఉన్నదే మొదటిది. మరీ ముఖ్యంగా, బ్రిటిష్ వాళ్లు ఎవరింటికైనా పోయి "ఏమన్నా తింటారా" అంటే ఆకలితో కడుపు కాలుతున్నా "వద్దండీ, పర్లేదు" అంటారట. ఇంటివాళ్లు మళ్లీ అడగాలి. అప్పుడు "మీకెందుకు శ్రమ" అనాలి. అమెరికా వాళ్లు మళ్లీ అడగరు. వద్దంటే వద్దనే అనుకుంటారు. అది మర్యాద తక్కువతనం కాదు, ఎదుటి మనిషి మాటను నమ్మడం వాళ్ల మర్యాద. ఇది చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎందుకంటే ఈ సంగతి నాకు ఏడేళ్ల వయసులోనే తెలుసు.

అప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని నేలకొండపల్లికి పోయింది. అక్కడొక భూస్వామి ఇంట్లో పెళ్లి. ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టే పని అమ్మకు వచ్చింది. కొలతలు తీసుకోవడానికి తెల్లారకముందే బయల్దేరి, ఖమ్మంలో బస్సు మారి, పొద్దెక్కేసరికి చేరాం. ఇంట్లో టీ తాగి వచ్చామంతే. ఆ ఇంటి కోడలు అమెరికాలో కొన్నేళ్లు ఉండి వచ్చిన మనిషి. మంచామె. నవ్వుతూ రెండు ప్లేట్లలో ఉప్మా తెచ్చింది. జీడిపప్పు వేసిన ఉప్మా. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

"వద్దమ్మా, తినే బయల్దేరినం" అంది అమ్మ.

మా వైపు ఎవరైనా అదే అంటారు. పెట్టగానే చెయ్యి చాపితే కరువులో నుంచి వచ్చారనుకుంటారు. మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారికి "మీరింతగా అంటున్నరు కాబట్టి" అని ప్లేటు అందుకోవాలి. పెట్టేవాళ్లకూ ఇది తెలుసు, తినేవాళ్లకూ తెలుసు. ఆమె మాత్రం "సరే అయితే" అని నవ్వి, రెండు ప్లేట్లూ లోపలికి తీసుకుపోయింది. నేను వంటింటి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ వస్తుంది, మళ్లీ అడుగుతుంది అని. రాలేదు. మధ్యాహ్నం దాకా అమ్మ కొలతలు తీస్తూనే ఉంది. తిరుగు ప్రయాణంలో బస్టాండులో నాకొక బన్ను కొనిచ్చి, తను నల్లా కింద దోసిలి పట్టి నీళ్లు తాగింది. "అమ్మా, నీకు?" అంటే "నాకు ఆకలి లేదే" అంది.

నాకు తెలిసింది ఇంతే. మిగతాది చాలా ఏళ్ల తర్వాత, అమ్మకు కామెర్లు వచ్చి ఖమ్మం దవాఖానాలో ఉన్నప్పుడు చెప్పింది. నేను గ్లూకోజు నీళ్లు తాగిస్తున్నాను. ఎందుకు గుర్తొచ్చిందో ఏమో.

"ఆ రోజు ఉప్మా తిన్ననే బిడ్డా."

"ఏ ఉప్మా?"

"నేలకొండపల్లిల. చేతులు కడుక్కుందామని పెరట్లకు పోయిన. నల్లా కాడ వాళ్ల పిల్లలు తిన్న ప్లేట్లు తోమేటందుకు పెట్టిన్రు. ఒక దాంట్ల సగం ఉన్నది. అటిటు చూసిన. ఎవ్వరు లేరు. రెండు బుక్కలు తిన్న. వాళ్ల ఎంగిలి." గ్లాసు పక్కకు జరిపి మళ్లీ అంది. "నీకు పెట్టకుంట నేనే తిన్న. నువ్వు ఆడ కూసొని ఉన్నవ్. ఎవ్వరికి చెప్పకే. సచ్చేదాక చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఇద్దరం ప్రార్థన కూడా చేసుకున్నాం.

పుస్తకంలో చివరి అధ్యాయం, ఎవరింటికైనా భోజనానికి పోతే ఎట్లా నడుచుకోవాలన్నది, రాసి అక్కకు పంపితే ఆమె ఫోన్ చేసింది. "అన్ని సలహాలే ఉన్నయ్ చెల్లె. బడి పుస్తకం లెక్క ఉన్నది. గుండెకు తాకేది ఏమన్నా రాయరాదూ?" అంది. నేను ఆ రోజంతా ఆలోచించాను. స్కూల్లో పిల్లల చేత పాఠం చదివిస్తూ కూడా అదే ఆలోచన. మా బడి పిల్లల్లో సగం మంది అడవి గూడేల నుంచి వచ్చేవాళ్లు, ఇంట్లో వేరే భాష మాట్లాడతారు. వాళ్లకు తెలుగే బడికొచ్చి నేర్చుకునే భాష, ఇంగ్లిష్ ఇంకా దూరం. మధ్యాహ్నం స్కూల్లోనే పెట్టే భోజనంలో "ఇంకొంచెం పెట్టనా" అని అడిగితే తల అడ్డంగా ఊపి, కళ్లు మాత్రం గిన్నె మీదే పెడతారు. వాళ్లను చూస్తుంటే ఇక ఆగలేకపోయాను. ఆదివారం ఒక్క ఊపున రాసేశాను.

మా అమ్మ ఇలా, నేను ఇలా, ఉప్మా ఇలా అని. పెరట్లో ప్లేటు సంగతీ రాశాను. కాబట్టి ప్రయాణికులారా, అమెరికాలో ఎవరైనా అన్నం పెడతామంటే ఆకలిగా ఉంటే మొదటిసారే అవుననండి, అక్కడ ఒక్కసారే అడుగుతారు అని రాశాను. హోటల్లో మిగిలింది డబ్బాలో కట్టించుకుని ఇంటికి తెచ్చుకోవడానికి సిగ్గుపడకండి, మిగిలినది తినడంలో అక్కడ ఏ నామోషీ లేదు అని కూడా రాశాను. ఎక్కడో లండన్‌లో ఎవరో చదువుతారు, ఇంగ్లిష్‌లో ఉంటుంది, మా అమ్మకేం తెలుస్తుంది అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ పూట నాకు అమ్మకిచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే రాశాను.

అక్క చదివి ఫోన్‌లోనే వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇది నిజంగ అమ్మదేనా?" అంది.

"అవ్ అక్కా. ఎవ్వరికి చెప్పకు. ఇక్కడోళ్లకైతే అసలే వద్దు."

"నేనెందుకు చెప్త చెల్లె" అంది అక్క.

పుస్తకం వచ్చిందని, ఖమ్మంలో చిన్న సభ పెట్టుకుంటున్నామని వాట్సాప్‌లో కార్డు పెట్టింది. చర్చి వాళ్లందరినీ పిలిచింది. "అమ్మను తప్పకుంట తీస్కరా" అని నాకు విడిగా చెప్పింది. కార్డు మీద రాసినవాళ్ల పేరు లేదు. ఆహా, నన్ను ఆశ్చర్యపరుద్దామని దాచిపెట్టిందేమో అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! అమ్మ తన పెట్టెలోని నీలం పట్టుచీర తీసి ఇస్త్రీ చేసుకుంది. నాకు కొత్త జాకెట్ కుట్టింది. బస్సులో పక్కన కూర్చున్నామెకు "మా బిడ్డ పుస్తకం రాసింది, అమెరికా గురించి" అని చెప్పింది. నేను "అమ్మా, ఊకో" అన్నాను గానీ లోపల ఎంత సంబరమో.

హాలు గుమ్మం దగ్గర పెద్ద ఫ్లెక్సీ. దాని మీద అక్క ఫోటో. కింద ఆమె పేరు, పేరు ముందు "రచయిత్రి" అని. అమ్మ ఆగి, ఫ్లెక్సీ అంతా వెతికింది. "నీ పేరేది?" అంది. బల్ల మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. అట్ట మీద అక్క పేరు. లోపల "సహకరించిన మా బృందానికి" అని ఒక ముక్క. ఆ బృందంలో కూడా నా పేరు లేదు.

స్టేజీ పక్కన అక్కను పట్టుకున్నాను. "ఏందక్కా ఇది?"

"చెల్లె, కంపెనీ వాళ్లకు ఒక్క పేరే ఉండాల్నట. ఆఫీసు నాది గదా, కాయితాలన్ని నా పేరు మీదనే ఉన్నయ్. ఇప్పుడు గొడవ చెయ్యకు, అందరున్నరు. తర్వాత మాట్లాడుకుందం." నా బుగ్గ మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. సండే స్కూల్లో పాట తప్పు పాడితే నిమిరినట్టే నిమిరింది. నమ్మించి గొంతు కోయడం అనే మాట అంతకుముందు వెయ్యిసార్లు విన్నాను గానీ, అప్పుడే అర్థమైంది.

ముందు వరుసలో అమ్మ పక్కన కూర్చున్నాను. ఒళ్లు మండిపోతోంది. సరే, సభ అయిపోనీ, అందరి ముందూ కాదు, విడిగా అడుగుతాను, కడిగేస్తాను అనుకున్నాను. అంతలో అక్క మైకు ముందుకు వచ్చింది. పుస్తకంలోని ఒక భాగం తెలుగులోకి మార్చి చదువుతానంది.

"మా అమ్మ ఒకసారి నన్ను వెంటబెట్టుకొని ఒక పెద్దింటికి పోయింది" అని మొదలుపెట్టింది.

మా అమ్మ అని. వాళ్లమ్మ ప్రభుత్వ స్కూల్లో హెడ్‌మాస్టరుగా రిటైరై చనిపోయింది. ఒక్క పూట పస్తున్న మనిషి కాదు. ఆమెను ఎరిగినవాళ్లు ఆ హాల్లో సగం మంది ఉన్నారు, అయినా ఒక్కరూ నోరెత్తలేదు. ఊరి పేరు మార్చింది గానీ ఉప్మా మార్చలేదు. జీడిపప్పు కూడా వదల్లేదు. వద్దమ్మా తినే బయల్దేరినం అన్న మాట అచ్చం మా అమ్మ అన్నట్టే చదివింది. నేను అమ్మ వైపు చూడలేకపోయాను. పక్కనుంచి శ్వాస మాత్రం వినిపిస్తోంది. పెరడు వచ్చింది. నల్లా వచ్చింది. ప్లేటు వచ్చింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెనక వరుసల్లో ముక్కులు చీదుతున్నారు.

నేను లేవబోయాను. అబద్ధం, అది ఆమె అమ్మ కాదు, మా అమ్మ, రాసింది నేను అని అరవాలని సగం లేచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. కుట్టుపని చేసిన చెయ్యి, ఎంత బలమో.

"కూసో."

అప్పుడు చూశాను అమ్మ ముఖం. చర్చిలో ముప్పై ఏళ్లుగా పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్లంతా ఆ హాల్లోనే ఉన్నారు. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్లున్నారు. నేను లేచి నా పేరు నాకు ఇప్పించుకుంటే, వాళ్లందరి ముందూ ఎంగిలి తిన్న మనిషి ఎవరో తేలిపోతుంది. నా పేరు కావాలంటే ఆ ప్లేటు అమ్మ చేతిలో పెట్టాలి. కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది.

తర్వాత అక్క మా దగ్గరికి వచ్చింది. నా కళ్లలోకి చూడలేదు. "అమ్మా, ఎట్లున్నది?" అంది.

అమ్మ లేచి నిలబడి, చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "మంచిగ చదివినవ్ బిడ్డా. మీ అమ్మ శాన కష్టపడ్డది" అంది. అక్క ముఖం పాలిపోయింది. భోజనాలున్నాయి, బిర్యానీ వాసన వస్తోంది. మేం తినకుండానే బయటికి వచ్చేశాం.

బస్సులో నేను ఆగలేదు. వైరా వచ్చేదాకా తిట్టాను. దొంగది అన్నాను, దేవుని మందిరంలో పాటలు పాడే నోరేనా అది అన్నాను, దాని ఆఫీసు బాగుపడదు అన్నాను. ఏడ్చాను కూడా. అమ్మ కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చుంది. తల్లాడ దాటాక నా వైపు తిరిగింది.

"ఆమెకెట్ల తెలిసింది?"

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"నేను నీ ఒక్కదానికే చెప్పిన. ఆమెకెట్ల తెలిసింది?"

"నేనే రాసిన అమ్మా. నీ మీద ప్రేమతోటే రాసిన. ఆమె దొంగతనం చేసింది."

"ఆమె నీ దగ్గర తీస్కున్నది. నువ్వు నా దగ్గర తీస్కున్నవ్. ఏంది తేడా?"

"గట్లంటవేంది అమ్మా? నేను ఏడ్సుకుంట రాసిన."

"ఆమె గూడ ఏడ్సుకుంటనే చదివింది" అంది అమ్మ. మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

అక్క మీద నా కోపం తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. ఇప్పటికీ ఆమె ఫోన్ ఎత్తను. పండుగలకు ఊరొచ్చి చర్చిలో ఆమె కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చుంటాను. ఆమె చేసింది ద్రోహమే. కానీ ఆ మాట పైకి అనబోయిన ప్రతిసారీ నోట్లోనే ఆగిపోతుంది. అనడానికి నాకు ముఖం లేదు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ అయింది. అమ్మ పట్టుచీర మార్చుకుని, అన్నం వండి, టమాటా పప్పు చేసింది. పొద్దుటి నుంచి ఇద్దరం ఏమీ తినలేదు. మా అమ్మ అన్నం పెట్టే పద్ధతి మీకు చెప్పాలి. నేను అలిగితే ముందు పిలుస్తుంది. రాకపోతే తిడుతుంది. అప్పుడూ రాకపోతే కంచం పట్టుకుని నేనున్న చోటికే వచ్చి, ముద్ద కలిపి నోటి దగ్గర పెడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇది తప్పలేదు. నేను కూడా ఆ మూడోసారి కోసమే అలుగుతాననుకుంటాను.

వంటింట్లో నుంచి పిలిచింది. "తింటవా?"

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. కడుపు నకనకలాడుతోంది. అలవాటు కొద్దీ "వద్దు" అన్నాను.

"సరే" అంది అమ్మ.

గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత వచ్చి మిషన్ ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించుకుంది. నేను ఆమె వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అమ్మ మళ్లీ అడగలేదు.